మా ఇంట్లో మూడు ఓట్లు, ముగ్గురు నాయకులు

ఎన్నికల్లో గెలవడమంత దరిద్రం ఏ పార్టీకీ మరొకటి లేదు! నవ్వకండి. కారిస్తోస్ పట్టణ శాఖ అధ్యక్షుడిగా, ఓటముల్లో పండిపోయిన మనిషిగా చెబుతున్నాను.

గెలిస్తే ఏమవుతుంది? నాయకుడు ప్రధాని అవుతాడు. అతని వెనకాల తిరిగినవాళ్ళు మంత్రులవుతారు. మంత్రులయ్యాక వాళ్ళ కార్లు మా వీధిలో పట్టవు. అదే ఓడిపోతే? మర్నాడే నాయకుడు రాజీనామా చేస్తాడు. ఆ కుర్చీ కోసం నలుగురు బయలుదేరతారు. వాళ్ళందరికీ నేను గుర్తొస్తాను, మా అత్తగారి మోకాలి నొప్పి కూడా గుర్తొస్తుంది! ప్రజాస్వామ్యానికి ఇంతకన్నా మంచి రోజులుంటాయా?

ఓటముల వల్ల మా ఇంటికి జరిగిన మేలు అంతా ఇంతా కాదు. మాకు ముగ్గురు పిల్లలు. ముగ్గురూ పార్టీ ఓడిన సమయాల్లోనే పుట్టారు. నాయకత్వానికి పోటీపడేవాళ్ళు ఊళ్ళో పట్టు కోసం పసిపిల్లల్ని వెతుక్కుంటూ వస్తారు. జ్ఞానస్నానం రోజున బిడ్డను ఎత్తుకుని ఒంటికి నూనె రాస్తే చాలు, బిడ్డకు జ్ఞానతండ్రి, నాకు కుంబారోస్; ఆడమనిషైతే జ్ఞానతల్లి, కుంబారా. ఈ చుట్టరికం తోబుట్టువు కన్నా ఒక పిసరు ఎక్కువే. తోబుట్టువుకు ఓటు ఎగ్గొట్టవచ్చు, కుంబారోస్‌కి ఎగ్గొడితే ఊళ్ళో తలెత్తుకోలేం.

అలా పెద్దపిల్లకు మాజీ మంత్రి కోస్మాస్ జ్ఞానతండ్రి అయ్యాడు. నడిపివాడికి ఉత్తరాది లాయరమ్మ అస్పాసియా జ్ఞానతల్లి. చిన్నదానికి మెనెలావోస్. ఆయనకు టీవీలో మాట్లాడటం తప్ప వేరే వృత్తి ఉన్నట్టు నాకు తెలియదు. ఓడిన ఏడాది ఈస్టర్‌కి ఆచారం ప్రకారం ఈ ముగ్గురూ పంపే కొవ్వొత్తులు పిల్లలకన్నా పొడుగ్గా ఉంటాయి. గెలిచిన ఏడాది కొవ్వొత్తులు మేమే కొనుక్కున్నాం.

ఈసారి కూడా ఓడాం. ఘనంగా ఓడాం! కారణాలు కనుక్కోవడానికి కమిటీ వేశారు. ఓడిపోయిన అభ్యర్థులే సభ్యులు. అనుభవజ్ఞులు కదా! వాళ్ళు దీవులన్నీ తిరిగి, చేపలు తిని, ఆ రోజు ఎండ బాగా కాయడంతో మనవాళ్ళంతా ఓటుకు బదులు సముద్రానికి పోయారని తేల్చారు. అవతలి పార్టీవాళ్ళకు ఈత రాదు కాబోలు.

ఇక కొత్త నాయకుడు కావాలి. అక్కడే నా కొంప మునిగింది. ముగ్గురు కుంబారోలూ ఒకేసారి బరిలోకి దిగారు!

మొదట కోస్మాస్ వచ్చాడు. మా వరండాలో ఆక్టోపస్ నములుతూ పార్టీ దుస్థితికి కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

"కుంబారే, ఈ ఇల్లు నాది కాదూ?" అన్నాడు.

"నీదే కుంబారే! నీది కాకపోతే ఎవరిది?" అన్నాను.

మర్నాడు అదే కుర్చీలో కూర్చున్న అస్పాసియాకూ ఇల్లు రాసిచ్చేశాను. మెనెలావోస్‌కైతే అడక్కముందే ఇచ్చాను. నన్ను అబద్ధాలకోరు అనకండి. మర్యాద తెలిసినవాణ్ణి, అంతే.

మా పార్టీలో నాయకుణ్ణి ఎవరైనా ఎన్నుకోవచ్చు. ఆదివారం రేవు దగ్గర కాఫీ హోటల్లో ఓట్ల పెట్టె పెడతాం. వచ్చి అప్పటికప్పుడు పేరు రాయించుకుంటే చాలు. అవతలి పార్టీవాళ్ళు కూడా చర్చి నుంచి ఇంటికి పోతూ ఆగి, మాకో నాయకుణ్ణి ఎంచిపెట్టి పోతుంటారు. ఇంత విశాల హృదయం ఇంకెవరికుంది?

నేనొక ఏర్పాటు చేశాను. నా ఓటు కోస్మాస్‌కి, మా ఆవిడ ఎవ్దోకియాది అస్పాసియాకి, మా అత్తగారిది మెనెలావోస్‌కి. మా ఊరి పెట్టెలో ముగ్గురికీ తలా ఒకటైనా పడితే, ఆ ఒక్కటీ నాదేనని ముగ్గురూ నమ్ముతారు. ముఖ్యంగా అస్పాసియా. ఉత్తరాది మనిషికి మా ఊళ్ళో వేరే ఎవరూ వేయరు.

సాయంత్రం పెట్టె తెరిచాను. కోస్మాస్‌కి కొన్ని, మెనెలావోస్‌కి బోలెడు. అస్పాసియాకి సున్నా! అడుగున ఎవరికీ వేయని తెల్ల కాగితం ఒకటి మాత్రం మడత నలగకుండా ఉంది.

ఇంటికి చేరేలోపే అస్పాసియా ఫోను.

"సున్నానా కుంబారే? నీ కొడుక్కి నూనె రాసిన చేతులివి! నువ్వు వేయలేదు, నీ పెళ్ళామూ వేయలేదు. ఇంకెప్పుడూ నన్ను కుంబారా అనకు."

వంటింట్లోకి దూసుకెళ్ళాను. ఎవ్దోకియా ఆకుకూర కడుగుతోంది.

"ఆ తెల్ల ఓటు నీదేనా?"

"నాదే."

"ఎంత పని చేశావ్! సొంత పార్టీలో తెల్ల కాగితం వేస్తావా?"

"నాకు సొంత పార్టీ ఎక్కడుంది స్తామాటీ? మొన్న అసలు ఎన్నికల్లో అవతలివాళ్ళకి వేశాను. మా అమ్మా వేసింది."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "మరి నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"నువ్వు అడిగితేగా! చిన్నదానికి ఊపిరాడక, ఊళ్ళో పిల్లల డాక్టరు లేక, కొండదారిలో కారేసుకుని హల్కీదా ఆసుపత్రి దాకా పోయాం కదా. వెనక సీట్లో దాని పెదాలు నీలంగా మారిపోతుంటే చూసింది నేను. డాక్టర్ని వేస్తామని ప్రతి ఎన్నికకీ చెబుతారు మీరు. గెలిచినప్పుడూ వేయలేదు. ఇవాళ మీలో ఎవడు పెద్ద కుర్చీ ఎక్కితే నాకేంటి?"

నాకు సిగ్గేసింది. ఊరి నాడి నా చేతిలో ఉందని పార్టీ ఆఫీసులో గొప్పలు పోయేవాణ్ణి. నాయకులు మారినప్పుడల్లా గోడ మీద బొమ్మలు మార్చాను. ఆ కారు నడిపింది నేనే. ఆ రాత్రి గురించి ఏ కుంబారోస్‌నీ నిలదీయలేదు. బాగోదనిపించింది.

అప్పుడే మళ్ళీ ఫోను మోగింది. మెనెలావోస్! దేశమంతా లెక్క తేలింది, ఆయనే గెలిచాడు.

"కుంబారే, కృతజ్ఞతలు తర్వాత. మొహమాటం లేకుండా నాకో నిజం చెప్పు. మనం అసలెందుకు ఓడిపోయాం?"

పాఠక మహాశయులారా, నేను పార్టీలో పుట్టి పెరిగినవాణ్ణి. ఇన్నేళ్ళలో ఒక నాయకుడు ఈ ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి. జవాబు నా ఎదురుగా తడి చేతులతో నిలబడి ఉంది.

"అభ్యర్థుల ఫొటోలు మరీ చిన్నవైపోయాయి కుంబారే," అన్నాను.

"అదే! నేనూ అదే అనుకున్నా! నీలాంటివాళ్ళు పదిమంది ఉంటే చాలయ్యా ఈ పార్టీకి!"

ఎవ్దోకియా చేతులు తుడుచుకుంది. "ఇలా ఇవ్వు ఫోను. ఆయన అడిగింది నేను చెబుతా," అంది.

నేను గబుక్కున లైను కట్ చేసి, సిగ్నల్ పోయిందని మెనెలావోస్‌కి మెసేజ్ పెట్టాను.