ఎనభై మంది ఇంజనీర్లు, ఒక మైకు

నన్నడిగితే, ప్రతి ఊళ్లోనూ ఒక ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ ఇంజనీర్ల సంఘం ఉండి తీరాలి. దాని సభల్లో మైకు చెడిపోయి తీరాలి!

నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

మైకు పనిచేసే సభలకు మీరు వెళ్లే ఉంటారు. ఏం బావుకున్నారు? అధ్యక్షులవారు చిన్నప్పుడు ఎన్ని మైళ్లు నడిచి బడికెళ్లారో పూర్తిగా విని వచ్చారు. ఈ సంఘంలో ఆ బాధ లేదు. ఆయన నోరు తెరవగానే మైకు కుయ్‌మని కూస్తుంది. ఆయన నడక ఆయనది, మన ఫోన్లు మనవి.

మొన్న ఆదివారం వార్షిక సభకు మా అక్క వెంట వెళ్లాను. అక్క ఒక ఆసుపత్రిలో యంత్రాలు బాగుచేసే ఇంజనీరు. రోగి మంచం పక్కన గుండె కొట్టుకోవడం చూపించే మానిటర్ ఉంటుంది చూడండి, ఏదైనా తేడా వస్తే అది గట్టిగా మోగాలి. ఒక రకం మానిటర్లలో లోపలి వైరు వదులై, తెర మీద అంతా సవ్యంగానే కనబడుతూ మోత మాత్రం రావడం లేదని అక్క కనిపెట్టింది. అలాంటివి ఇంకా పదకొండు ఆసుపత్రుల్లో ఉన్నాయట. సంఘం పేరుతో ఒక హెచ్చరిక ఉత్తరం వెళితే అందరూ సరిచూసుకుంటారని ఆమె ఆశ. ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు.

అక్క లేచింది. మైకు కూసింది.

హాల్లో ఎనభై మంది ఇంజనీర్లు! ఒక్కరైనా లేచి దాని సంగతి చూశారనుకున్నారా? అంత చిన్న పని ఎవరు చేస్తారండీ, పరువు పోదూ? యాంటెన్నాల పెద్దాయన ఇది గాలిలోని తరంగాల గొడవన్నారు. చిప్పుల ప్రొఫెసర్‌గారు తయారీలోనే లోపం ఉందన్నారు. ఉపగ్రహాలాయన అయితే కళ్లు మూసుకుని పైకప్పు వైపు తలెత్తారు. వెంటనే ముగ్గురితోనూ ఉపసంఘం వేశారు. దానికి ఎవరు పెద్దో నలభై నిమిషాల్లో తేలిపోయింది. ఇంత వేగం మీరెక్కడైనా చూశారా?

"సార్, స్పీకర్ డబ్బా మైకుకి ఎదురుగా ఉంది. కాస్త పక్కకి తిప్పితే చాలు," అంది అక్క.

కార్యదర్శిగారు జాలిగా నవ్వారు. "అది మెయింటెనెన్స్ వాళ్ల ఆలోచనమ్మా. మనం మూలాల్లోకి వెళ్లాలి కదా! మీరు కానివ్వండి."

అక్క కానిచ్చింది. గొంతు చించుకుని మరీ చెప్పింది. ముందు వరుసలో కూర్చున్న నాకే 'మానిటర్', 'ప్రాణాలు' అనే రెండు మాటలే అందాయి. అయిపోగానే చప్పట్లే చప్పట్లు! చేతిలో పూలగుత్తి పెట్టారు. మినిట్స్ పుస్తకంలో 'మానిటర్ల ప్రాముఖ్యంపై విలువైన ప్రసంగం' అని రాసుకున్నారు. ఉత్తరం ఊసు ఎవరూ ఎత్తలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. మండిపడటానికి అక్కకు తీరిక లేదు. పూలగుత్తి నా ఒళ్లో పడేసి, బయట మెట్ల మీద కూర్చుని, ఆసుపత్రులకు వరసగా ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. నేనూ వెళ్లి పక్కనే కూర్చున్నాను. ఒక చోట మాట పూర్తి కాకుండానే పెట్టేశారు. ఇంకో చోట "ఏం అమ్ముతున్నారండీ?" అని అడిగారు. నాలుగో చోట ఒక నర్సు మాత్రం ఓపిగ్గా విని, "ఉండండి మేడమ్, చూసొస్తా," అంది.

కాసేపటికి తిరిగొచ్చింది. గొంతు మారిపోయింది. "మోగట్లేదండీ. ఎంత చేసినా మోగట్లేదు. మా వార్డులో ఇలాంటివి ఆరున్నాయి మేడమ్!"

అక్కకు కన్నీళ్లు ఆగలేదు. చేత్తోనే తుడుచుకుని, అక్కడి టెక్నీషియన్ని పిలిపించి, ఏ వైరు ఎక్కడ బిగించాలో నెమ్మదిగా చెప్పసాగింది. లోపల మళ్లీ చప్పట్లు, ఎవరికో ఏమో.

ఇప్పుడు చెప్పండి, మైకు కూయడం వరమా, కాదా? అది సరిగ్గా పనిచేసి ఉంటే అక్క మాట ఎనభై మందికీ స్పష్టంగా వినబడేది. వెంటనే మానిటర్ల మీద కూడా ఒక ఉపసంఘం వేసేవారు. పెద్దలు చూసుకుంటారులే అని అక్క నిశ్చింతగా ఇంటికి వచ్చేసేది.

ఆ ఆరు మంచాల మీదివాళ్లు మాత్రం నివేదిక వచ్చేదాకా ఓపిక పట్టాల్సి వచ్చేది.