నెమలి ఆఫీసు

తొంభై తొమ్మిది జూన్‌లో ఒక గురువారం పొద్దున చెంగల్రాయుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు కార్తీక బయోడేటా ఇంటి కంప్యూటరులో కొట్టాలి, ఫ్లాపీలోకి ఎక్కించాలి, షోళింగనల్లూరులో కొత్తగా తెరిచిన కంపెనీలో ఇచ్చి రావాలి. శుక్రవారం సాయంత్రం నాలుగు దాటితే తీసుకోరు. డిగ్రీ అయి రెండేళ్ళుగా టైపు సెంటరులో పాఠాలు చెప్పుకుంటున్న కార్తీకకు ఇంతకంటే మంచి ఉద్యోగం మళ్ళీ తగిలే సూచనలు లేవు.

ఇంత చిన్న పనిని ఉపద్రవంగా మార్చడం మామూలు మనిషి వల్ల కాదు. దానికి నీతి కావాలి. చెంగల్రాయుడి దగ్గర అది దండిగా ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా పెరంబూరు రైల్వే వర్క్‌షాపు గేటు దగ్గర గేట్‌పాస్ గుమాస్తాగా కూర్చున్న మనిషి. "కాగితం లేకుండా కడ్డీ ముక్క కూడా గేటు దాటదు" అన్నది ఆయన మంత్రం. సొంత టిఫిన్ క్యారియరుతో ఇంటికి పోయేవాణ్ణి కూడా ఆపి మూత తీయించేవాడు.

కిందటి నెల ఒక సందు దుకాణంలో కంప్యూటరు కొన్నప్పుడు, దుకాణదారు ఊరందరికీ వేసినట్టే దొంగ కాపీ సాఫ్ట్‌వేరు వేసి ఇచ్చాడు. చెంగల్రాయుడు ఎదురుగా నిలబడి దాన్ని చెరిపించాడు. బిల్లు వద్దంటే అమ్మకం పన్ను మిగులుతుందని అదే దుకాణదారు చెప్పినప్పుడు మాత్రం ఆ నీతి కాసేపు అటు తిరిగి నిలబడింది.

చెరిపిన చోట ఏదో ఒకటి వేయాలి కదా! కంప్యూటరు పత్రికతో ఊరికే ఇచ్చిన సీడీలో 'పీకాక్ ఆఫీస్' దొరికింది. ఉత్తరాలు, పట్టికలు, బొమ్మలు అన్నీ చేస్తుందట, పైసా ఇవ్వక్కర్లేదట. తెరవగానే తెర మీదికి ఒక నెమలి వచ్చి ఒక్కో ఈకా విప్పుతుంది. అది పురి విప్పడం పూర్తయ్యేలోపు భార్య తాయారు గ్రైండరులో ఉద్దిపప్పు రుబ్బి, పిండి ఎత్తి, రోలు కూడా కడిగేది. ఆ గ్రైండరు అంతకుముందు బల్ల మీద ఉండేది. కంప్యూటరు వచ్చాక నేల మీదికి దిగింది, దాంతోపాటు తాయారూ దిగింది.

"ఏమండీ, నడుము విరిగిపోతా ఉంది. ఆ నెమలి ఎప్పుడు లేచేది, నా బల్ల ఎప్పుడు ఇచ్చేది?"

"సుమ్మా ఊరుకోవే. నిజాయితీ అంటే నిదానంగానే వస్తాది."

పక్క వాటాలో ఉండే ఫిట్టరు మోసెస్ గడప దగ్గర నిలబడి జాలిపడ్డాడు. "అన్నా, అందరూ వాడేది మా ఇంట్లో ఉండాది. సీడీ ఇస్తా, పది నిమిషాల్లో పనైపోతాది."

"దొంగసొమ్ము నా గడప దాటదు మోసెసూ."

"ఏసయ్యా! సీడీ అన్నా అది, గుడిలో కిరీటం కాదు" అని నవ్వుకుంటూ పోయాడు మోసెస్.

చుట్టూ నెమలీకల అంచుతో బయోడేటా తయారయ్యేసరికి పన్నెండయింది. కార్తీక తెర మీద వేలు పెట్టి చూపించింది. "నాయినా, ఆడ వాళ్ళ దాంట్లో ఈ నెమలి ఉండదు. ఇదో, ఈడ చూడు. అందరూ వాడే రకంగా కూడా దాచుకోవచ్చంట. ఒక్కసారి నొక్కితే చాలు."

"మన సరుకు మీద ఇంకొకడి ముద్ర ఏంటికి? దాన్ని ఫోర్జరీ అంటారు."

"అయ్యో నాయినా, వాళ్ళే చేసుకోమంటా ఉంటే..."

చెంగల్రాయుడు అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

రెండు బస్సులు మారి వెళితే, కంపెనీ కాపలాదారు అరుముగం ఫ్లాపీ లోపలికి తీసుకుపోయి పావుగంటలో తిరిగి తెచ్చాడు. "ఎన్న సార్ ఇది? తెరవనే లేదు. అందరూ వాడే దాంట్లో కొట్టి రేపు తెండి."

"సీడీ ఇస్తా. మీ దాంట్లో నెమలిని వేసుకోండి."

"బయటి సీడీ లోపలికి పోకూడదు సార్. రూల్."

రూల్ అన్న మాటకు చెంగల్రాయుడి ప్రాణం లేచొచ్చింది. అలాంటి మనిషితో వాదించడం పాపం. తిరుగు బస్సులో ఆయనకు దివ్యమైన ఆలోచన తట్టింది. ఫ్లాపీ తెరుచుకోదు, సీడీ పోకూడదు, సరే. కంప్యూటరునే మోసుకుపోయి దాని తెర మీదే చూపిస్తే?

"మీకేమన్నా పైత్యమా?" అంది తాయారు. కార్తీక లేచి మోసెస్ ఇంటికి వెళ్ళిపోయింది. అలిగిందనుకున్నాడు తండ్రి.

శుక్రవారం మధ్యాహ్నం చెంగల్రాయుడు, తాయారు పాత చీరలో చుట్టిన కంప్యూటరుతో కంపెనీ ముందు ఆటో దిగాడు. ఆ రోజు కంపెనీకి అద్దె కంప్యూటర్లు రావాలి. రిసెప్షన్‌లో ఉన్న షీబా వాటి కోసం పొద్దుటి నుంచి వాకిలి వైపే చూస్తోంది.

"అప్పాడా, వచ్చినారా! ఒక్కటేనా సార్?"

"ఒక్కటేనమ్మా. నాకుండేది ఒక్క కూతురే."

షీబాకు అర్థం కాలేదు గానీ తల ఊపింది. ఇద్దరు మనుషులు కంప్యూటరును మేడ మీదికి మోసుకుపోయారు. అరుముగం రిజిస్టరు ముందు పెట్టాడు. దాన్ని చూడగానే చెంగల్రాయుడికి పుట్టింటికి వచ్చినట్టయింది. సరుకు పేరు, నంబరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. చివర 'తిరిగి తీసుకెళ్ళే తేదీ' అన్న గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడి దొంగకు తలుపు అని ఇరవై ఎనిమిదేళ్ళుగా ఊరికి చెప్పిన మనిషి, దాన్ని అలా వదుల్తాడా? స్కేలు అడిగి తీసుకుని అడ్డంగా గీత కొట్టి సంతకం పెట్టాడు.

నాలుగైనా ఎవరూ పిలవలేదు. వెళ్ళి అడిగాడు. షీబా నోరు వెళ్ళబెట్టింది. "మీరు అద్దె కంపెనీ వాళ్ళు కాదా సార్?"

"నా కంప్యూటరు నాకు ఇప్పించండమ్మా!" అన్నాడు చెంగల్రాయుడు.

అరుముగం రిజిస్టరు తిప్పాడు. "తిరిగి పోయే సరుకు కాదని మీరే గీత కొట్టుండారు సార్. ఇప్పుడు బయటికి పోవాలంటే కొన్న బిల్లు కావాలి."

"అది నాదయ్యా!"

"ఉండొచ్చు సార్. కాగితం లేకుండా ఎట్లా పంపేది?"

చెంగల్రాయుడు బిల్లు కోసం జేబు తడిమి, అసలు బిల్లే తీసుకోలేదని గుర్తు తెచ్చుకున్నాడు. అంత సిగ్గు ఆయన పుట్టి ఎరగడు.

అంతలో మెట్ల మీద నుంచి కార్తీక దిగింది, చేతిలో కవరు. "నాయినా! నువ్వేంది ఈడ?"

"నీ బయోడేటా పైన ఉండాదమ్మా. వాళ్ళు చూడనే లేదు."

"నిన్ననే మోసెస్ మామ ఇంట్లో కొట్టేసినా. పదికే వచ్చి ఇచ్చేసినా, ఇంటర్వ్యూ కూడా అయిపోయింది. ఒకటో తేదీ చేరమన్నారు." ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. చెంగల్రాయుడికి సంతోషంతో ఏడుపొచ్చింది, కంప్యూటరు గుర్తొచ్చి ఇంకొంచెం వచ్చింది.

శనివారం బిల్లు కోసం సందు దుకాణానికి వెళితే, "ఏ కంప్యూటరు సార్? బిల్లు చూపించండి" అన్నాడు దుకాణదారు. తానే మేనేజరును అడుగుతానంది కార్తీక. తండ్రి చేతులు పట్టుకుని వద్దన్నాడు. బిల్లు లేని బేరం కూతురి ఆఫీసులో బయటపడటం కంటే కంప్యూటరు పోవడమే మేలనిపించింది.

ఒకటో తేదీన కార్తీకకు చూపించిన సీటు ముందు ఆ కంప్యూటరే ఉంది. నుదుట నూట పదిహేడు అని నంబరు అంటించారు. నెమలిని తీసేసి, డబ్బు కట్టి కొన్న అసలు సాఫ్ట్‌వేరు వేశారు.

పెరంబూరులో బల్ల మీదికి మళ్ళీ గ్రైండరు ఎక్కింది. అది స్విచ్చి వేయగానే తిరుగుతుంది.