బోర్డు చెరపరాదు

తనిఖీ దగ్గరపడినందున మా బడిలో పదకొండు రోజులపాటు పాఠాలు చెప్పడం నిలిపివేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. పాఠాలు చక్కగా చెబుతున్నారనడానికి రుజువులు తయారు చేయాలంటే ఆ మాత్రం తీరిక ఉండాలి కదా. తల్లిదండ్రుల సంఘం కార్యదర్శిగా ఈ ఏర్పాట్లన్నీ నేను దగ్గరుండి చూశాను. మా అమ్మాయి అక్కడే నాలుగో తరగతి చదువుతోంది.

తనిఖీకి ఇరవై ఏడు రిజిస్టర్లు చూపించాలి. అవి ఏవేవో రాసిపెట్టుకున్న రిజిస్టరు ఒకటి ఉండాలి గాని, అది కనపడలేదు. కనపడని రిజిస్టర్ల కోసం కొత్త రిజిస్టరు తెరిచి, మొదటి వరుసలో దాని పేరే ఎక్కించాక అందరి మనసూ కుదుటపడింది. కాగితాలు ఎగురుతాయని స్టాఫ్ రూములో ఫ్యాను వేయడం మానేశారు. సంగీతం టీచరు మూడు రోజుల్లో రెండు చేతులా రాయడం నేర్చుకున్నారు. ఆమెకు ఆ విద్య ఉందని అంతవరకు ఎవరికీ తెలియదు.

రోజూ రాయవలసిన పాఠం డైరీ సైన్సు మాస్టారు తప్ప ఎవరూ రాయలేదు. ఇన్నాళ్లూ పిల్లలకు చదువు చెబుతూ కూర్చున్నారట, బొత్తిగా బాధ్యత లేకుండా. ఇప్పుడు అందరూ సైన్సు మాస్టారి డైరీ ముందేసుకుని ఎక్కించుకున్నారు. దాని ప్రకారం ఒకానొక సోమవారం నాడు డ్రిల్లు మాస్టారు, సంగీతం టీచరు, భాషా పండితులు అందరూ గుండెలోని ఎడమ కర్ణిక గురించే బోధించారు. ఒక్క అవయవం మీద ఇంత శ్రద్ధ చూపిన బడి ఇంకెక్కడా ఉండదు. సిరా మరీ కొత్తగా మెరుస్తోందని డైరీల మీద టీ చిలకరించి ఎండబెట్టారు. అప్పటికీ పాతబడని వాటి మీద డ్రిల్లు మాస్టారు కూర్చున్నారు. ఆయన బరువు బడికి అక్కరకు రావడం అదే మొదటిసారి.

అన్నిటికన్నా ముచ్చటైనవి బోర్డులు. తరగతికొక ఆదర్శ పాఠం చొప్పున డ్రాయింగు మాస్టారు రంగు సుద్దలతో రాసి, చుట్టూ పూలతీగలు అల్లారు. వెంటనే హెడ్మాస్టరు గారి ఉత్తర్వు వెలువడింది. ఇందుమూలంగా సమస్త సిబ్బందికీ తెలియజేయడమేమనగా, బోర్డులను చెరపరాదు, తాకరాదు, వాటి ఎదుట తుమ్మరాదు. సుద్దపొడి రాలకుండా పిల్లలు మునివేళ్ల మీద నడవాలన్నారు. జలుబు చేసిన పిల్లలను ఆఖరి బెంచీకి మార్చారు.

నాలుగో తరగతి బోర్డు మీద భాగహారం ఉంది. ఎనభై నాలుగును నాలుగుతో భాగించి, జవాబు ఇరవై రెండని రాశారు. ఆ తరగతి టీచరమ్మ అది చూసి డ్రాయింగు మాస్టారి దగ్గరికి పరుగెత్తింది. ఆయన ఏమీ నొచ్చుకోలేదు.

"ఇరవై ఒకటే, నాకూ తెలుసమ్మా. కానీ ఒకటి వేస్తే చివర్న కర్ర పాతినట్టుంటుంది. రెండు రెళ్లయితే హంసల జంటలా ఎంత బాగున్నాయో చూడండి."

అక్కడి నుంచి ఆమె హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళితే, ఆయన రంగు సుద్దలు అయిపోయాయన్నారు. తేడా ఒక్కటే కాబట్టి తనిఖీ అయ్యాక దిద్దుకోవచ్చన్నారు. టీచరమ్మ తిరిగి తరగతికి వెళ్లిపోయింది. ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. తనిఖీ అధికారి బాగుందని ఒక్క ముక్క రాస్తే అవుతుంది, రాయకపోతే లేదు. ఆమె మీద ఆధారపడి తల్లీ, చదువుకుంటున్న చెల్లెలూ ఉన్నారు. అందుకని నలభై మంది పిల్లలు రోజుకు నాలుగుసార్లు ఇరవై రెండని ముక్తకంఠంతో పలుకుతుంటే తల వంచుకుని వింది.

మా అమ్మాయి మాత్రం ఇంటికొచ్చి ఎనభై నాలుగు చింతగింజలు లెక్కపెట్టి నాలుగు కుప్పలు పోసింది. కుప్పకు ఇరవై ఒకటే వచ్చాయి. బోర్డు లెక్కన నాలుగు గింజలు పోయినట్టే. వాటి కోసం మంచం కిందా, బీరువా వెనకా సాయంత్రమంతా వెతికి, దొరక్క ఏడ్చింది. నాకు జాలేసింది. అయినా కార్యదర్శిని కదా.

"తనిఖీ అయ్యేదాకా ఇరవై రెండే అనమ్మా. పెద్దవాళ్లు రాశాక తప్పెందుకవుతుంది?" అన్నాను.

తనిఖీ అధికారి వచ్చారు. రిజిస్టర్ల దొంతర ఎత్తు చూసి తల పంకించారు. ఎడమ కర్ణిక గురించి చదివి, సిబ్బందిలో ఇంత సమన్వయం ఎక్కడా చూడలేదన్నారు. నాలుగో తరగతిలో హంసల ముందు చాలాసేపు నిలబడి, జవాబెంతని అడిగారు. గది దద్దరిల్లింది. మా అమ్మాయి ఒక్కతే నోరు విప్పలేదు. నీకు రాదా అని ఆయన అడిగితే, కళ్లనీళ్లు పెట్టుకుని, "మా ఇంట్లో నాలుగు గింజలు పోయాయండీ" అంది.

టీచరమ్మ ఒక్కసారి హెడ్మాస్టరు గారి వంక చూసింది. ఆయన కళ్లతోనే వద్దన్నారు. ఆమె బోర్డు దగ్గరికి వెళ్లి, అరచేత్తో రెండో హంసను తుడిచేసి, తెల్ల సుద్దతో ఒకటి వేసింది.

"గింజలేం పోలేదమ్మా. నీ లెక్కే కరెక్టు, బోర్డే తప్పు."

మా అమ్మాయి నవ్వింది. ఆ నవ్వు చూసి, దాచుకోవడమెందుకు, నా కడుపు నిండిపోయింది. మరుక్షణమే హెడ్మాస్టరు గారు నా వంక చూడడంతో సర్దుకున్నాను.

నివేదికలో మా బడికి మొదటి శ్రేణి ఇచ్చారు. లోపం ఒక్కటే చూపారు. నాలుగో తరగతి ఉపాధ్యాయిని ఆదర్శ బోర్డుకు నష్టం కలిగించినందున ఆమె ఉద్యోగం ఖాయం చేసే విషయం మరో ఏడాది వాయిదా వేశారు. మా సంఘం సమావేశమై సిబ్బందిని అభినందించింది. పిల్లలను అయోమయానికి గురిచేయని టీచరును నాలుగో తరగతికి వేయాలని ఏకగ్రీవంగా కోరింది. తీర్మానం రాసింది నేనే, మొదటి సంతకమూ నాదే. ఇప్పుడు ఆ తరగతికి లెక్కలు డ్రాయింగు మాస్టారు చెబుతున్నారు.

మా అమ్మాయి మళ్లీ గింజల జోలికి పోలేదు. ఏది అడిగినా ముందు నా ముఖం చూసి, నాకు ఏ జవాబు కావాలో పట్టేసి, అదే చెబుతుంది. ఈసారి తరగతిలో మొదటి ర్యాంకు తనదే. మీ పిల్లలకూ మంచి ర్యాంకులే వస్తున్నాయని విన్నాను. జవాబు చెప్పే ముందు వాళ్లు మీ ముఖం వంక చూడడం మీరూ గమనించే ఉంటారు.