బదరీనాథ్ క్రీము

ఆ మంగళవారం ప్రమీలమ్మ పొద్దున్నే పెట్టుకున్న పనులు రెండే. మేడ మీద సగ్గుబియ్యం వడియాలు పెట్టడం, ముఖానికి వయసు తగ్గించే క్రీము రాయడం. రెండూ యాత్ర కోసమే. నరసరావుపేట గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకంలో ఒకావిడ, అరవై దాటాక, ఒంటరిగా మంచుకొండలకు వెళ్లి వచ్చింది. అది చదివినప్పటి నుంచి ప్రమీలమ్మకు కలలో కూడా మంచే. ఐస్‌గోళాలో తప్ప ఆమె మంచు చూసింది లేదు మరి. వీధిలో ఆడవాళ్లంతా కలిసి మాట్లాడుకున్న బదరీనాథ్ బస్సులో తనూ పేరు ఇచ్చింది. బస్సు గురువారం.

"ఈ వయసులో మంచేంది, కొండలేంది? నీ మోకాళ్లు ఎవరు మోస్తారే?" అన్నాడు భర్త కోటేశ్వర్, చానాళ్లు రాళ్ల లారీ నడిపి మానేసిన మనిషి. "లారీలో దేశమంతా తిరిగా. ఏముందంటా, రోడ్డేగా!"

ఆ మాట ఆమె పట్టించుకోలేదు. పట్టించుకున్నదల్లా ఫొటోల సంగతి. పుస్తకం అట్ట మీద ఆవిడ ముఖం నిగనిగలాడుతోంది. అందుకే ఎవరికీ చెప్పకుండా ఫోన్లో క్రీము తెప్పించుకుని అలమరలో దాచింది. పుస్తకాన్ని రెండుసార్లు చదివిన మనిషి, క్రీము ట్యూబుతో వచ్చిన కాగితాన్ని ఒక్కసారీ చదవలేదు. రాత్రిపూట శనగగింజంత రాసుకోవాలని, ఎండ తగలనివ్వకూడదని అందులో ఉంది. ఈమె పసుపు పట్టించినట్టు మెడదాకా పట్టించి, మే నెల ఎండలో కాకులను తోలుతూ మధ్యాహ్నం దాకా మేడ మీద కూర్చుంది.

వడియాల కంటే ముందు ముఖం ఎండింది. కిందికి వచ్చి అద్దంలో చూసుకుంటే చెంపలు ఎర్రగా కందిపోయాయి, నుదుటి నిండా పొక్కులు. పెరుగు తోడు కోసం వచ్చిన పక్కింటి మల్లమ్మ గుమ్మంలోనే చేతులు జోడించింది.

"అమ్మవారు పోసిందే తల్లీ! ఎవరూ తాకమాకండి!"

"కాదత్తా, ఎండకి..."

"అట్టా అనమాక. అమ్మకి కోపమొస్తది!"

కాసేపటికే గుమ్మానికి వేపమండలు వేలాడాయి. ఇంట్లో తాలింపు బందయింది. కోటేశ్వర్ అలమరలోంచి ఉతికిన దుప్పటి తీసి, దాని మీద వేపాకు పరిచి భార్యను పడుకోబెట్టాడు. తనే చల్లన్నం కలిపి పెట్టాడు. ప్రమీలమ్మకు ఏడుపొచ్చింది. నిజం చెబితే ఈ వయసులో క్రీములేందని వీధంతా నవ్వుతుంది. చెప్పకపోతే బస్సు పోతుంది.

మర్నాడు కోటేశ్వర్ కొబ్బరిబోండాల కోసం వెళ్లినప్పుడు, యాత్ర ఏర్పాట్లు చూస్తున్న శ్రీదేవి ఫోన్ చేసింది.

"ఏమనుకోమాక పిన్నీ. నువ్వొస్తే మేం ఎక్కం అంటున్నారు అందరూ. వచ్చే ఏడు చూద్దాంలే."

వచ్చే ఏడు అనేసరికి సిగ్గు ఎటు పోయిందో పోయింది. "అమ్మవారు కాదే! క్రీము! ముడతలు పోతాయని పూసుకున్నా!" అని అరిచింది ప్రమీలమ్మ.

అవతల శ్రీదేవి పక్కవాళ్లతో అనడం వినిపించింది. "పాపం, జ్వరం తలకెక్కింది."

ట్యూబు చూపించైనా నమ్మిద్దామని అలమరంతా వెతికింది. ట్యూబు లేదు. అది లేకుండా తన మాట ఎవరు నమ్ముతారని నోరు మూసుకుని పడుకుంది.

గురువారం పొద్దున బస్సు హారన్ కొట్టుకుంటూ వీధి దాటింది. కిటికీ ఊచలు పట్టుకుని ప్రమీలమ్మ చిన్నపిల్లలా ఏడ్చింది. ఏడుపు విని కోటేశ్వర్ పక్క గదిలోంచి వచ్చాడు. అతని ముఖం ఎర్రగా కందిపోయి ఉంది, నుదుటి నిండా పొక్కులు. పలకరించడానికి వచ్చిన మల్లమ్మ చేతిలోని చెంబు వదిలేసింది.

"ఓరి కోటేశా! నీకూ పోసిందిరా!"

"పొయ్యలేదు పిన్నీ. నేనే పూసుకున్నా," అంటూ అతను జేబులోంచి ట్యూబు తీశాడు. భార్య వైపు చూడలేకపోయాడు. "దుప్పటి తీస్తుంటే దొరికిందే. నిన్న పూసుకుని ఎండలో తిరిగా. నీ పుస్తకం నేనూ చదివాలే. లారీలో తిరిగినన్నాళ్లూ రోడ్డే చూశా, కొండ చూళ్ళా. వచ్చే ఏడు నీతో వద్దామనుకున్నా. ఫొటోలో నువ్వు పడుచుదానిలా, పక్కన నేను ముసలాడిలా ఏం బాగుంటది?"

తిట్టడానికి నోరు తెరిచిన ప్రమీలమ్మకు నవ్వొచ్చింది. లేచి వేపమండలు పీకేసింది.

మల్లమ్మ ట్యూబు అందుకుని వాసన చూసింది. "ఏమే, దీన్ని ఎంత పూసుకోవాలే?"

వచ్చే ఏడు దాకా ఆగకుండా, ముఖాలు చల్లబడ్డాక ఇద్దరే రైలెక్కారు. బదరీనాథ్‌లో ప్రమీలమ్మ గుప్పిట నిండా మంచు పట్టుకుంది. కోటేశ్వర్ పక్కనే నిలబడి, ఆ మంచును తన చేతుల్లోకీ కొంచెం పెట్టించుకున్నాడు. ఆ సాయంత్రమే వీధి వాళ్ల ఫోన్లకు ఫొటో వచ్చింది. ఇద్దరికీ మంకీ క్యాపులు, వాటి మీద ముక్కుదాకా మఫ్లర్లు, కనిపిస్తున్నవి కళ్లు మాత్రమే.

ముడత ఒక్కటీ కనిపించలేదు.