మంత్రిగారికి ఉత్తమ నటుడి అవార్డు

వరద సహాయ శాఖ మంత్రిగారు అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఉత్తమ కథానాయకుడిగా ఎంపికయ్యారనీ, ఇది యావత్ ప్రజానీకం గర్వించదగ్గ ఘడియ అనీ సోమవారం పొద్దున పదింటికల్లా పత్రికలన్నిటికీ ఒక ప్రకటన అందింది. రాసినవాడు ఆ శాఖ ప్రచార అధికారి. పదిహేడేళ్ల సర్వీసులో ఆయన రాసిన ప్రకటనల్లో నిజం ఉన్నది ఇదొక్కటే. అలవాటు లేకనో ఏమో, రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాడు.

నిజానికి మంత్రిగారు ఏ సినిమాలోనూ వేషం వెయ్యలేదు. కిందటేడు ఏరు పొంగి పల్లపు వీధులు మునిగినప్పుడు పడవలో వెళ్లి జనాన్ని పరామర్శించారు, అంతే. ఇల్లూ కుట్టుమిషనూ రెండూ ఏట్లో కలిసిపోయిన ఒక దర్జీ ఆవిడ భుజమ్మీద చెయ్యి వేసి, "ఏడవకమ్మా, మూడు నెలల్లో నీకు ఇల్లు కట్టించే పూచీ నాది" అన్నారు. అని, ఆవిడకంటే గట్టిగా తామే ఏడ్చారు. ప్రచార అధికారి ఆ పర్యటననంతా నలభై నిమిషాల చిత్రంగా తీయించాడు. దాన్ని పోటీకి పంపేటప్పుడు దరఖాస్తులో 'డాక్యుమెంటరీ' అన్న గడిలో టిక్కు పెట్టబోతే మంత్రిగారే ఆపారు.

"డాక్యుమెంటరీ ఎవడు చూస్తాడయ్యా? పక్క గడిలో పెట్టు. కథాచిత్రం అని ఉందే, అందులో."

పెట్టాడు. అవార్డు వచ్చింది.

జ్యూరీ పంపిన ప్రశంసాపత్రాన్ని ప్రచార అధికారి మూడుసార్లు చదువుకున్నాడు. 'గుండెలో తడి లేని ఒక నాయకుడు కెమెరా కోసం కన్నీళ్లు తెచ్చుకోవడానికి పడే యాతనను ఇంత సహజంగా చూపిన నటుణ్ణి మేం ఇంతవరకూ చూడలేదు' అని ఉంది. మంత్రిగారికి చదివి వినిపించబోతే ముందు ముక్క గొంతులోనే ఉండిపోయింది.

"ఇంత సహజంగా చూపిన నటుణ్ణి చూడలేదన్నారు సార్."

"ఎక్కణ్ణుంచి చూస్తారు?" అన్నారు మంత్రిగారు వినయంగా.

గురువారం ఇంకో ఉత్తరం వచ్చింది. ఈ విభాగంలో అవార్డు తీసుకోవాలంటే కథ, పాత్రలు, సంఘటనలు, మాటలు సర్వం కల్పితమని కథానాయకుడే రాసివ్వాలట. న్యాయ సలహాదారుణ్ణి పిలిపించారు. ఆయన కళ్లజోడు తుడుచుకుని, కాయితం చదివి, మళ్లీ తుడుచుకున్నాడు.

"సంతకం పెడితే ఆ రోజు మీరు ఏడ్చింది నటనేనని ఒప్పుకున్నట్టు సార్."

"పెట్టకపోతే?"

"నిజంగా ఏడ్చినట్టు."

"నిజంగా ఏడిస్తే ఏమొస్తుంది?"

సలహాదారు రూల్సన్నీ మనసులోనే తిరగేశాడు. "ఏమీ రాదు సార్."

మంత్రిగారు సంతకం పెట్టారు. అటువంటి నిర్మొహమాటం ఈ రోజుల్లో ఎంతమందికి ఉంటుంది!

ఆ సంతకం మీద శాఖలో పనులు చకచకా కదిలాయి. ఏడాదిగా ఎటూ తేలని దర్జీ ఆవిడ ఇంటి ఫైలు ఒక్క పూటలో తేలిపోయింది. 'సదరు హామీ సినిమాలోని సంభాషణ. చర్య అవసరం లేదు.'

ఆ మాట ఆవిడకు చెప్పే పని ప్రచార అధికారి నెత్తిన పడింది. ఆవిడ ఎప్పటిలాగే వచ్చి బల్ల ముందు నిలబడింది.

"బాబూ, నా ఇల్లు ఎందాకా వచ్చింది?"

"అమ్మా, అదంతా కల్పితమని తేలింది."

"ఏది? కట్టిస్తానన్నదా?"

"అవును."

"మరి కొట్టుకుపోయిన ఇల్లో?"

ఆయన ఫైలు వంక చూశాడు. దాని గురించి ఎవరూ ఏమీ రాయలేదు. "ప్రస్తుతానికి అది కూడా సెట్టింగే అనుకోవాలమ్మా" అన్నాడు. అన్నాక తల ఎత్తలేకపోయాడు. సొరుగులోంచి బంగారు అంచున్న దళసరి కాయితం ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "మీకూ వచ్చిందమ్మా. సహాయ నటిగా ప్రత్యేక ప్రశంస." ఆవిడ ఏడుపు మాత్రం కాస్త అతిగా ఉందని జ్యూరీ అన్న మాట చెప్పకుండా దాచాడు. ఆయన మంచితనం అది.

ఆవిడ కాయితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగుంది. దీన్ని తగిలించుకోడానికి గోడ ఎవరిస్తారు బాబూ?"

ఆ మధ్యాహ్నం ప్రచార అధికారికి అన్నం సయించలేదు. సాయంత్రానికల్లా అవార్డుకి బయల్దేరుతున్న మంత్రిగారి కోసం విమానాశ్రయంలో పూలదండలు చూసుకునే పని తగిలి, ఆ సంగతి మరిచిపోయాడు.

మంత్రిగారు అవార్డుతో తిరిగొచ్చిన నాలుగో రోజున ఏరు మళ్లీ పొంగింది. ఈసారి పడవతో పాటు రెండు కెమెరాలు, మూడు గొడుగులు వెళ్లాయి. పల్లపు వీధుల్లో జనం డాబాల మీదికి ఎక్కి, తడిసిన దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. మంత్రిగారు పడవలో లేచి నిలబడి చుట్టూ కలియజూశారు. పెదవి వణికింది, గొంతు పూడుకుపోయింది, రెండు చెంపల మీదా ధారలు కట్టాయి. జ్యూరీ పొరపాటు పడలేదని ప్రచార అధికారికి ఆ క్షణాన నమ్మకం కుదిరింది.

ఒక డాబా మీద ఎవరో చప్పట్లు కొట్టారు. పక్క డాబా అందుకుంది. చూస్తుండగానే వీధి వీధంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఎక్కడో వెనక నుంచి ఈల కూడా వినిపించింది.

"వన్స్ మోర్!" అని అరిచారెవరో.

మంత్రిగారు కళ్లు తుడుచుకుని ప్రచార అధికారి వైపు వంగారు.

"ఏమయ్యా, మళ్లీ మొదట్నుంచా, లేక ఏడుపు దగ్గర్నుంచా?"