వాసన రాగానే ఆపండి

పన్నెండింటికి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆపరేషన్ నాడు భర్త ముక్కులో కుక్కిన గాజుగుడ్డ ఈ మూడోరోజున ఆయనే తీస్తారు. "అప్పటిదాకా తుమ్ము మాత్రం రానివ్వకండి. రక్తం మొదలైతే మళ్ళీ బల్ల ఎక్కించాల్సిందే" అని ఆయన హెచ్చరించినప్పటినుంచీ ఇల్లాలు చీపురు ముట్టుకోలేదు. మిరియాల డబ్బాను పై వాటా పిన్నిగారింట్లో దాచింది.

పదింటికి చూస్తే మాత్రలు నిండుకున్నాయి. గబగబా పాలగిన్నె స్టవ్ మీద పెట్టి, చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

"మందుల షాపుకెళ్ళొస్తా. పాలు పెట్టాను, వాసన రాగానే ఆపండి."

మూడు దిళ్ళకు ఆనుకున్న భర్త బొటనవేలు పైకెత్తాడు. ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా పాల కాపలా ఆయన ముక్కుదే. ముందుగదిలోంచే "పొంగుతున్నాయోయ్!" అనేవాడు. తలుపు తీయడానికి ఆయన లేవాల్సిన పని లేకుండా ఆమె బయట తాళం కూడా వేసుకుంది.

"ముక్కుకేనామ్మా ఈ మాత్రలు?" అన్నాడు షాపతను.

ముక్కు! గుడ్డలు కుక్కిన ముక్కుకు వాసనెక్కడిది? భర్తకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. నిద్ర చెడకూడదని దాని నోరు నొక్కింది తనే. పిన్నిగారికి చేసింది.

"పిన్నిగారూ, మా స్టవ్ మీద పాలు..."

"అయ్యో, పరిగెడుతున్నానమ్మాయ్!"

ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, తాళంచెవి తన గుప్పిట్లోనే ఉందని.

మెట్ల దగ్గరికి వచ్చేసరికే మాడు వాసన గుప్పుమంది. పిన్నిగారు కిందికి దిగొచ్చి వీళ్ళ తలుపు బాదుతున్నారు.

"నాయనా, వంటింట్లోకి వెళ్ళకు! గ్యాస్ లీకైందేమో! ముందు హాల్లో కిటికీ తియ్యి!"

హాల్లో కిటికీ! తుమ్ముకు భయపడి మూడు రోజులుగా ఆమె దుమ్ము దులపనిది, అంతకుముందు బద్ధకించి మూడు నెలలుగా దులపనిది.

"ఏమండీ, ఆ కిటికీ వద్దు!"

లోపల రెక్క కిర్రుమంది. తొందరలో తాళంచెవి కన్నంలో పడదు. "హా..." అని వినిపించింది. తాళం తిరిగింది. "హా... హా..." తలుపు తెరుచుకుంది.

"హాఛ్!"

ముక్కులోని గుడ్డలు రెండూ వచ్చి పిన్నిగారి భుజం మీద వాలాయి. ముక్కు పట్టుకున్న భర్త చేతిని ఇల్లాలు పక్కకు తీసింది. ఒక ఎర్రచుక్క. ఇంకొకటి. మూడోదాని కోసం ముగ్గురూ కళ్ళప్పగించి చూశారు. అది రాలేదు.

అప్పుడు ఇల్లాలు వంటింట్లోకి ఉరికింది. పాలు పోసినవి పోసినట్టే చల్లగా ఉన్నాయి. హడావుడిలో తను స్టవ్ వెలిగించనే లేదు.

"మరి ఈ మాడు వాసనేంటే?" అన్నారు పిన్నిగారు.

భర్త కళ్ళు మూసుకుని, మూడు రోజుల తర్వాత మొదటిసారిగా ముక్కుతో నిండా గాలి పీల్చాడు. మెల్లగా తలెత్తి పైకప్పు వంక చూశాడు.

"పిన్నిగారూ, మీరు స్టవ్ మీద ఏం పెట్టొచ్చారు?"

"నా బుద్ధి మండిపోనూ!" అని నెత్తి కొట్టుకుని, భుజం మీది గుడ్డలతో సహా ఆవిడ మెట్లెక్కారు.

ఇల్లాలు డాక్టరుకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. రక్తం ఆగింది కాబట్టి భయం లేదని, పన్నెండింటికి వస్తే ఒకసారి చూస్తానని ఆయన అన్నారు.

"ఇంతకీ ముక్కు పనిచేస్తోందా?"

"పై వాటాదాకా పనిచేస్తోందండీ."