ఫుట్‌పాత్ మీద మూడు రోజుల లెక్కింపు

ఫుట్‌పాత్ మీద సైకిల్ తొక్కనివ్వాలా వద్దా అన్న జటిల సమస్యను పురపాలక కార్యాలయం మూడే మూడు రోజుల్లో శాశ్వతంగా పరిష్కరించినదని తెలియజేయడమైనది.

సమస్యకు మూలం టైలరమ్మ. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి, మూటగట్టి, సైకిల్ వెనక పెట్టుకుని వంతెన అవతలి బడికి చేరవేస్తుంది. ఆ రోడ్డు మీద లారీలు జడ విప్పి వెళ్ళేంత దగ్గరగా పోతాయి. అప్పటికి రెండుసార్లు మూటతో సహా మురుగు కాలువలో పడింది. "మూడోసారి పడ్డావంటే సైకిల్ అమ్మేస్తానే. ఇంట్లో కూర్చుని హుక్కులు కుట్టుకో," అంది అత్తగారు. సైకిల్ పోతే బడి పోతుంది, బడి పోతే మిషను మూలన పడుతుంది. అందుకని టైలరమ్మ, ఆ అర కిలోమీటరూ ఫుట్‌పాత్ మీద తొక్కనివ్వండని అర్జీ రాసింది.

రోజూ పొద్దున్నే అక్కడ నడిచే రిటైరైన లెక్కల మాస్టారు వెంటనే ఎదురు అర్జీ పెట్టాడు.

"ఫుట్‌పాత్ కాళ్ళున్నవాళ్ళదమ్మా. చక్రాలకి రోడ్డుంది కదా."

"రోడ్డుకి లారీలున్నాయి మాస్టారూ."

అధికారి ఇద్దరినీ కూర్చోబెట్టి ప్రసంగించాడు. "నడిచేవారూ మావారే, తొక్కేవారూ మావారే. కావున మేము ఎవరి పక్షమూ వహించం. లెక్కపెడతాం."

మర్నాడే ఒక గుమాస్తా ఫుట్‌పాత్ మీద బల్ల, కుర్చీ వేసుకుని, పెద్ద రిజిస్టరు తెరిచాడు. బల్ల ఆ చివర గోడకి ఆనింది, ఈ చివర రోడ్డుకి ఆనింది. మధ్యలోంచి పిల్లి కూడా దూరలేదు.

మాస్టారు వచ్చాడు. "పక్కనుంచి వెళ్ళండి సార్. ఇక్కడ నడిచేవాళ్ళని లెక్కపెడుతున్నాం," అన్నాడు గుమాస్తా.

టైలరమ్మ వచ్చింది. "రోడ్డు మీదుగా పో తల్లీ. సైకిళ్ళ లెక్క చెడిపోతుంది."

మూడో రోజు సాయంత్రం నివేదిక సిద్ధమైంది. నడిచినవారు సున్నా, తొక్కినవారు సున్నా. ఒక్క కొట్టివేత లేదు. ఎవరికీ అక్కర్లేని ఫుట్‌పాత్‌ను కార్లు నిలుపుకోవడానికి కేటాయించారు. ఇరుపక్షాలకూ సమాన న్యాయం జరిగిందని అధికారి ప్రకటిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. విషయం బోధపడేలోపు టైలరమ్మ కూడా కొట్టేసింది.

ఫుట్‌పాత్ నిండా కార్లు నిలిచిన రెండో రోజుకల్లా, రోడ్డున పడ్డ మాస్టారు లారీ హారన్‌కి అదిరిపడి కాలువలో ఉన్నాడు. టైలరమ్మ బయటికి లాగి, బురద దులిపి, సైకిల్ వెనక మూట మీద కూర్చోబెట్టుకుంది.

"మెల్లగా తొక్కమ్మా."

"మీరు కదలకుండా ఉండండి చాలు."

భయంతో మాస్టారు చేతికర్రని రోడ్డు వైపుకి అడ్డంగా చాచాడు. అద్దం పగులుతుందేమోనని లారీలు కర్రంత దూరం జరిగి పోసాగాయి. అప్పట్నుంచి రోజూ అదే ఏర్పాటు. "మాస్టారు లేకుండా బయల్దేరకు," అంటూ అత్తగారు సైకిల్ అమ్మే మాట మానేసింది.

ఇటీవల ఫుట్‌పాత్ మీద నిలిచే కార్ల యజమానులు కొత్త అర్జీ ఇచ్చారు. ఒకే సైకిల్ మీద ఇద్దరు, పైగా కర్ర చాచుకుని పోవడం ప్రమాదకరమట, ఊళ్ళో బొత్తిగా క్రమశిక్షణ లేకుండా పోయిందట. కింద సంతకాలు చాలా ఉన్నాయి. ఒకసారి చూసుకోండి, మీది కూడా ఉండొచ్చు.